మతం అన్న గడిలో

మా అక్క పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, చర్చికి తయారవుతూ, జడ సగం అల్లుకుని, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పక్క పోర్షన్ అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, టీచరమ్మ పిలిస్తే పలుకుతలేదు, జర జల్ది రాండ్రి" అన్నప్పుడు నేను నెక్కొండలో చాయ్ వడపోస్తున్నాను. హనుమకొండ చేరేసరికి అక్క ఒళ్ళు చల్లబడింది. జడకు పెట్టాల్సిన రబ్బరు బ్యాండు ఇంకా వేలికే ఉంది.

ఆమెను తలచుకుంటూ శాంతంగా నాలుగు మాటలు రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ కోపమే వచ్చింది. ఇక కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

కోపం సమాధి దగ్గర మొదలైంది. మా సంఘం పాత పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అంటాం, ఎనభై దాటినా కర్ర పట్టుకుని వచ్చారు. మట్టి వేసేముందు, "ఈ సహోదరి ప్రభువు కొరకు సర్కారు నౌకరీని తృణప్రాయంగా వదులుకున్నది. త్యాగం అంటే ఇది" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. బతికుండగా తన ముందు ఎవరైనా త్యాగం అంటే అక్కకు ఒళ్ళు మండేది. "నేనేం వదులుకోలే. నాకు రావల్సింది నాకు ఇయ్యలే. ఇడిసిపెట్టుడుకు, గుంజుకునుడుకు తేడా తెల్వదా మీకు?" అనేది.

గుంజుకున్నదేమిటో చెప్తాను.

మా తాత కాలం నుంచే మేం క్రైస్తవులం. బాపు మార్కెట్లో హమాలీ. వారమంతా బస్తాలు మోసి, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాడు. బడి రిజిస్టర్లో మాత్రం మా మతం హిందూ, కులం ఎస్సీ. మా వాడలో అందరిదీ అంతే. చట్టం అట్లా ఉంది మరి. ఎస్సీ మనిషి యేసును నమ్ముతున్నానని కాగితం మీద ఒప్పుకుంటే, ఆ క్షణం నుంచి ఎస్సీ కాకుండా పోతాడు. అందుకని మేం ఆదివారం క్రైస్తవులం, సోమవారం హిందువులం. సంఘానికి తెలుసు, ఊరికి తెలుసు, ఆ కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్ళకూ తెలుసు. ఎవరికీ అది అబద్ధంలా అనిపించేది కాదు.

అక్క పంతొమ్మిదో ఏట హసన్‌పర్తి చెరువులో బాప్తిస్మం తీసుకుంది. రెండేళ్ళు చిన్నదాన్ని, ఆ రోజే నేనూ తీసుకున్నాను. నేను నీళ్ళలోంచి లేచి వణుకుతూ, తర్వాత పెట్టబోయే పలావు గురించి ఆలోచించాను. అక్క మాత్రం నిజంగానే మునిగింది. ఆనాటి నుంచి చిన్న అబద్ధం కూడా ఆడటం మానేసింది. ఎవరైనా వస్తే లేనని చెప్పమని బాపు అంటే, గడప దగ్గరికి పోయి, "ఉన్నడు గని మీతోని మాట్లాడడట" అని చెప్పి వచ్చేది. ఇంట్లో అందరం తిట్టుకునేవాళ్ళం. ఆమె దేవతేమీ కాదు. నోరు పెద్దది. కూరగాయలామెతో రోజూ లడాయి పెట్టుకునేది. కార్జం కూర వండితే పక్కవాళ్ళ కంచంలోకి కూడా చూసేది. సీరియల్ వచ్చే టైముకు ప్రార్థన జర పొట్టిగా ముగించేది, అదీ దాచేది కాదు.

ముప్పై ఏళ్ళు దాటింది ఈ మాటకు. ఇద్దరం ఒకేసారి సర్కారు టీచర్ పోస్టులకు డీఎస్సీ రాశాం. ఇద్దరి పేర్లూ వచ్చాయి. అక్కకు నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ. బాపు వాడంతా తిరిగి చక్కెర పంచాడు. తర్వాత కొత్తగా కుల ధ్రువపత్రం తెమ్మన్నారు. దానికి మండలాఫీసు నుంచి గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఇంటికి వచ్చి విచారించాలి.

ముందురోజు సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు సమాధి దగ్గర మాట్లాడిన అయ్యగారే, అప్పుడు నడివయసు. అక్క సంగతి ఆయనకు తెలుసు కనుక బుజ్జగించడానికి వచ్చారు. "చూడమ్మా, కాగితం కైసరుది, అంటే సర్కారుది, మనసు దేవునిది. కైసరుది కైసరుకు ఇయ్యి, దేవుడు ఏమీ అనుకోడు" అన్నారు.

"మరి అబద్ధం ఎవరిది అయ్యగారూ?" అంది అక్క. ఆయన చాయ్ తాగకుండానే లేచారు.

గిర్దావర్ వస్తున్నాడంటే ఇల్లు ఎట్లా సర్దుకోవాలో మా వాడలో ప్రతి ఇంటికీ తెలుసు. తెల్లారి బాపు గోడమీది వాక్యాల క్యాలెండర్ తీసి మంచం కింద పెట్టాడు. బైబిళ్ళు బియ్యం డబ్బాలోకి పోయాయి. పక్కింటి పెద్దమ్మను లక్ష్మీదేవి పటం అడిగి తెచ్చాడు. ఆమె మంచి మనిషి. పటంతో పాటు కుంకుమ భరిణె కూడా ఇచ్చి, "పనైనంక తెచ్చియ్యి తమ్మీ" అంది. నేను బొట్టు పెట్టుకున్నాను. అక్క ఆ పటం ముందు నిలబడి, "పాపం, ఆమెకేం తెలుసు బాపూ? ఆమెతోని గూడ అబద్ధం చెప్పిస్తానవ్" అంది.

బాపు చేతులు జోడించాడు. "బిడ్డా, ఒక్క పూట. బస్తాలు మోసి మోసి నా నడుము ఇరిగింది. మన తిప్పలు దేవునికి తెల్వదా?" అన్నాడు. కన్నకూతురికి దండం పెట్టే తండ్రిని చూడటం అదే మొదలు, అదే చివర. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. బొట్టు మాత్రం పెట్టుకోలేదు.

గిర్దావర్ చెడ్డవాడు కాదు. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు. మేం ఎస్సీలమని తేల్చడానికి ఆయనకు అంతకంటే రుజువు ఏం కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముందు నన్నడిగాడు, ఏ దేవుణ్ణి మొక్కుతరని. "ఎల్లమ్మను" అన్నాను. రాసుకున్నాడు. తర్వాత అక్కను అడిగాడు.

"యేసయ్యను" అంది అక్క.

ఆయన పెన్ను ఆగింది. "జర సమజ్ చేసుకో అమ్మా. నాకు ఇనబడలేదనుకో. మళ్ళ అడుగుత" అన్నాడు. మళ్ళీ అడిగాడు. అక్క మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి బాపు మొహం చూస్తూ అడిగాడు. మూడోసారీ అదే. యేసును ఎరుగుదువా అని పేతురును కూడా మూడుసార్లే అడిగారు, ఆయన మూడుసార్లూ ఎరుగనన్నాడు. ఆ వాక్యం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

ఆయనకు విసుగొచ్చింది. "ఒక్క ఇంట్ల ఒకామెకు ఎల్లమ్మ, ఒకామెకు యేసా? మరి నీ చెల్లెది ఏంది కథ?" అన్నాడు.

అక్క అబద్ధం చెప్పదు. నిజం చెప్తే నా పోస్టు కూడా పోతుంది. అక్క నా వైపు చూడలేదు. "దాని సంగతి దాన్నే అడుగుండ్రి సార్. నా నోటితోని నా సంగతే చెప్త" అంది.

ఆయన నన్ను మళ్ళీ అడగలేదు. మతం అన్న గడిలో నాకు హిందూ అని రాశాడు. అక్క కాగితం మాత్రం ఆమె చేతికిచ్చి, "నువ్వే రాయమ్మా, రేపు నన్ను అనొద్దు" అన్నాడు. అక్క తన గుండ్రటి అక్షరాలతో క్రైస్తవం అని రాసిచ్చింది. ఆ ఒక్క మాటతో ఎస్సీ కాకుండా పోయి, క్రైస్తవులైన ఎస్సీలను వేసే బీసీ-సీ అయింది. ఆ కోటాలో ఆ ఏడు మా జిల్లాకు ఒక్క పోస్టూ లేదు.

సరే, పోస్టు పోయింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక సంబంధం మాట దాకా వచ్చి ఉండింది. అదీ పోయింది. వాళ్ళూ చర్చికి పోయేవాళ్ళే, ముందువరుసలో కూర్చునేవాళ్ళే. "పిల్ల మంచిదే, విశ్వాసం జర ఎక్కువున్నట్టున్నది" అన్నారట. ఈ మాట వింటే మీకు నవ్వొస్తుందేమో. అక్క కూడా నవ్వింది. నాకు ఇప్పటికీ రాదు.

అక్క హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరింది. కిరాయి ఇల్లు వెతకడానికి నేనూ వెంట పోయాను. ఒక ఇంటామె గది చూపించింది, నల్లా చూపించింది, అంతా అయ్యాక "మీరు ఏంటోళ్ళమ్మా?" అంది. క్రైస్తవులమని చెప్పింది అక్క. "అది గాదమ్మా. అంతకుముందు ఏంటోళ్ళు?" అంది ఆమె. అక్క చెప్పింది. అబద్ధం రాదు కదా. ఆమెకు వెంటనే వాళ్ళ అత్తగారి పట్టింపు గుర్తొచ్చింది. అట్లా నాలుగిళ్ళు. నాలుగిళ్ళలోనూ "అంతకుముందు?" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క, "చూసినవా చెల్లే, మండలాఫీసుల పోయిన నా కులం ఈ బజార్ల దొర్కింది" అంది.

ఇదెక్కడి న్యాయం? రాయితీ అడిగితే నువ్వు ఎస్సీవి కాదంటారు, గది అడిగితే నువ్వు ఎస్సీవే అంటారు. చెరువులో మునిగితే కులం కడుక్కుపోతుందని నమ్మేది ఈ దేశంలో ఒక్క సర్కారు కాగితమే. చదువుకున్న పెద్దమనుషులు ఎవరైనా దీన్ని నాకు విడమరచి చెప్తే వింటాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అక్క అటువంటి బడుల్లోనే పనిచేసింది. నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు పిల్లల్ని రబ్బరు వాడనిచ్చేది కాదు. తప్పు మీద ఒక్క గీత గీసి పక్కన ఒప్పు రాయమనేది. "తప్పు కనబడాలె, అప్పుడే మళ్ళ చెయ్యరు" అనేది. సెలవులొస్తే రైలెక్కి, నేను సర్కారు టీచరుగా ఉన్న నెక్కొండకు వచ్చి, పరీక్షల ముందు నా పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. నేను వెనక బల్లమీద కూర్చుని వినేదాన్ని. "మేడం, ఆ మేడమే రోజు వస్తే మంచిగుండు" అని పిల్లలు నా మొహం మీదే అనేవాళ్ళు. నిజమే, నాకంటే నూరుపాళ్ళు మంచి టీచరు. ఆ కుర్చీ ఆమెది. "నీ జీతానికి పాఠం నేను చెప్తాన, కూర నువ్వు మంచిగ వండు" అని నన్ను ఆటపట్టించేది. నన్ను ఒక్కనాడు కూడా పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

బాపు కొన్నేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. మంచాన పడ్డాక మాత్రం ప్రార్థనకు ఆమెనే పిలిపించుకున్నాడు. నేను చేస్తానంటే, "అక్కను రానియ్యి" అని కళ్ళు మూసుకున్నాడు.

నేను రిటైరైన రోజు బడిలో శాలువాలు, దండలు, ఫొటోలు. అక్క వెనక వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇయ్యాల జర కడుపు మండింది చెల్లే. శాలువా నాకు గూడ మంచిగుండు" అంది. ముప్పై ఏళ్ళలో అదొక్కసారే. దేవుని మీద కోపమొచ్చిందా అని అడిగాను. "దేవుని మీద ఎందుకొస్తది? ఆ గడి ఆయన గీసిండా?" అంది.

అందుకే సమాధి దగ్గర ఆ త్యాగం మాట వినగానే నాకు కోపం ఆగలేదు. అందరూ కదులుతుంటే గేటు దగ్గర అయ్యగారిని ఆపాను. "కాగితం కైసరుది అని ఆమెకు చెప్పింది మీరే గద అయ్యగారూ?" అన్నాను. ఆయన "ఏమో అమ్మా, నాకు యాదికి లేదు" అన్నారు. నిజంగానే లేదేమో. మాకు యాది ఉండటమే మా ఖర్మ. నా కొడుకు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, మెల్లగ. ఫొటోలు తీస్తాండ్రు, స్టేటస్‌ల పెడుతరు. ఇటు రా" అన్నాడు.

వాడి భయం వాడిది. వాడు సర్కారు కొలువులో ఉన్నాడు, ఆనాటి నా కుల కాగితం చూపించి తెచ్చుకున్న కాగితం మీద. ఈ నాలుగు మాటలు వేసుకుంటామన్న పత్రికవాళ్ళు అక్క పేరు, ఫొటో పంపమన్నారు. నేను పంపలేదు. ఆమె పేరు అచ్చయితే చెల్లెలెవరో, ఆ చెల్లెలి కొడుకెవరో తెలుసుకోవడం ఎవరికైనా ఎంతసేపు? ఇంతసేపూ అయ్యగారి మీద, గిర్దావర్ మీద, సర్కారు మీద మండిపడ్డ మనిషిని నేనే. అక్క పేరు రాసే ధైర్యం లేనిదాన్నీ నేనే. ఇది మర్యాద కోసం దాచిన పేరు కాదు.

నిన్న సమాధి పని చూడటానికి పోయాను. మేస్త్రీ పలక మీద పచ్చి సిమెంటు పరిచి, మేకుతో అక్క పూర్తి పేరు రాశాడు. పుట్టిన ఏడు, పోయిన ఏడు రాశాడు. కింద ఖాళీ జాగా చూపించి, "కట్టిచ్చినోళ్ళ పేరు గూడ రాస్తం గదమ్మా. నీ పేరు చెప్పు" అన్నాడు.

నేను పలక మీది అక్క పేరు మళ్ళీ చదివాను. "జల్ది చెప్పమ్మా, సిమెంటు గట్టిపడుతాంది" అన్నాడు.

"చెల్లె అని రాయి."

"చెల్లె అంటే? పేరేంది?"

"చెల్లె. అంతే."

అతను నన్ను ఒకసారి చూసి, వంగి, ఆ రెండక్షరాలు గీశాడు. పక్కన ఇంకో పేరు పట్టేంత జాగా మిగిలింది. తాపీ తీసుకుని దాన్ని నున్నగా రుద్దేశాడు.