తోయక్కర్లేని కారు

మతాన్సస్ ఊళ్లో, మా వీధిలో ఎలిహియో బాబాయ్ కారు మేం నలుగురం వెనక నుంచి తోస్తే తప్ప కదిలేది కాదు. వాళ్ల నాన్న నడిపిన కారు. మహా మొండిఘటం బాబాయ్; విడిభాగాలు దొరక్కపోతే ట్రాక్టరు ముక్కలు, పడవ ఇంజిను ముక్కలు అరగదీసి అమర్చుతూ ఏళ్లు గడిపాడు. మేం రోజూ పొద్దున్నే తిట్టుకుంటూ తోసేవాళ్లం. తోశాక వాళ్లావిడ నెరెయిదా పిన్ని ఇచ్చే కాఫీ తాగేవాళ్లం.

నిన్న ఎప్పట్లాగే కారుకు చేతులు ఆనించాం. బాబాయ్ తాళం తిప్పగానే ఇంజిను అందుకుంది. మాకు చేతులు తీయాలో ఉంచాలో తెలియలేదు.

"ఇక మాతో పనేముంది బాబాయ్?" అన్నాడు మాలో ఒకడైన ఒస్మానీ, ఉక్రోషంగా.

బాబాయ్ దిగి కారునీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "ఏమోరా. ఇన్నాళ్లూ దీనికోసమేగా చచ్చింది. తీరా నడుస్తుంటే ఏం చెయ్యాలో తోచట్లేదు."

పిన్ని కాఫీ పళ్లెంతో గుమ్మంలో ఆగిపోయింది. "చల్లారిపోతోంది. తోస్తారా, లోపలికి పట్టుకుపోనా?"

బాబాయ్ మళ్లీ ఎక్కి ఇంజిను ఆపేశాడు.

"తొయ్యండ్రా," అన్నాడు.