గడప ముందు మగవాడి చెప్పులు

రిటైర్మెంటుకు రెండేళ్లుండగా నన్ను అనంతపురానికి దక్షిణాన, కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. శ్రావణంలో చేరాను. వాన జాడ లేదు, వేరుశనగ చేలల్లోనే మాడుతోంది. ఆ నెలలోనే ఒంటరి మహిళల పెన్షన్ దరఖాస్తులు నా బల్ల మీదికి వచ్చాయి.

భర్త వదిలేసిన ఆడమనిషికి ఈ పెన్షన్ రావాలంటే, ఆమె ఏడాదికి పైగా విడిగా బతుకుతోందని తహసీల్దారు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆయన ఇల్లిల్లూ తిరగలేరు కనుక ఆర్‌ఐ వెళ్లి, ఇరుగుపొరుగు వాంగ్మూలం రాసుకుని నివేదిక ఇస్తాడు. సంతకం ఆయనది, మాట మాది. దొంగ దరఖాస్తులు పట్టడంలో నాకు పేరుంది. ఆ పేరంటే నాకు కాస్త మోజు కూడా ఉండేది.

ఓబుళమ్మది కాలనీలో చివరి ఇల్లు, బాడుగది. వేరే ఊరి నుంచి వచ్చి ఏడాదిన్నర. కూలికి పోతూ, ఈడొచ్చిన కూతురితో ఉండేది. నేనూ వీఆర్వో వెళ్లేసరికి గడప ముందు మగవాడి తోలు చెప్పులున్నాయి, తీగ మీద గళ్ల లుంగీ ఆరుతోంది. తలుపు తట్టి, ఇంటాయన ఉన్నాడా అని అడిగాను.

"ఉండాడన్నా, అంగడికి పోయినాడు, ఇప్పుడొస్తాడు" అంది లోపలి నుంచే.

ఆఫీసు వాళ్లమని చెప్పగానే గడపలోకి వచ్చింది. మొగుడు బెంగళూరుకు పోయి నాలుగేళ్లయిందని, మళ్లీ కంటికి కనపడలేదని గొంతు తగ్గించి చెప్పింది. మరి ఈ చెప్పులెవరివన్నాను. అప్పటికే వీధిలో నలుగురు మగవాళ్లు పోగయ్యారు. వాళ్ల వైపు చూసి ఆమె తల దించుకుంది. పొరుగాయన్ని అడిగితే, "లారీ డ్రైవరంట సార్, రాత్రి వచ్చి తెల్లారకముందే పోతాడంట" అన్నాడు. "భర్త ఉన్నట్టు దరఖాస్తుదారే ఒప్పుకున్నది" అని రాసి, తిరస్కరించమని సిఫారసు చేశాను. కళ్లతో చూశాను, చెవులతో విన్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను.

పది రోజులకు ఆమె ఆఫీసుకు వచ్చింది. గది ఖాళీ అయ్యేదాకా గోడ పక్కన నిలబడి, తర్వాత సంచిలోంచి ఆ చెప్పులు తీసి నా బల్ల మీద బోర్లా పెట్టింది.

"చూడు సార్. తొడిగే మనిషుంటే అరిగుండాల గదా."

అడుగులు కొత్తవి. నడిచిన గుర్తే లేదు. సంతలో కొన్నదట. ఆ లుంగీని కూడా వారానికోసారి తడిపి ఆరేస్తుందట.

"వయసొచ్చిన బిడ్డ ఉండాది. మగోడు లేడని తెలిస్తే ఎవడెవడో తలుపు కొడతాడు. అందుకే అడిగినోళ్లకంతా ఉండాడనే చెప్తా. నువ్వెవరో నాకేం తెలుసు సార్?"

చెప్పుల్ని తిరగేసి చూడాలన్న బుద్ధి నాకు ఆ రోజు పుట్టలేదు. సిగ్గేసింది. అప్పీలు నేనే రాసిస్తానన్నాను. మళ్లీ విచారణ జరుగుతుందని, ఈసారి పదిమంది ముందు నిజం చెప్పాలని, అర్హుల జాబితాను అభ్యంతరాల కోసం ఊళ్లోని గ్రామ సచివాలయం గోడకు అంటిస్తారని వివరించాను.

"గోడకా? ఏమని రాస్తారు?"

"పేరు, పక్కన ఒంటరి మహిళ అని."

చెప్పులు తీసి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"అట్లయితే వద్దులే సార్. దుడ్లు లేకుంటే గంజి తాగుతాం. గోడకెక్కితే బిడ్డనెట్ల కాపాడుకునేది?"

నేను రెండుసార్లు బతిమాలాను. వినలేదు. నా తిరస్కరణ అలాగే ఉండిపోయింది. మరుసటి ఎండాకాలం అటు వెళ్తే ఆ ఇంటికి తాళం ఉంది. తల్లీకూతుళ్లు బెంగళూరుకు మట్టిపనికి పోయారన్నారు. చెప్పులు మాత్రం గడప ముందే ఉన్నాయి.

విచారణంటే నిజం కనిపెట్టడమేనని ముప్పై ఏళ్లు నమ్మాను. ఓబుళమ్మ విషయంలో నిజం తెలిశాక కూడా పని జరగలేదు. దిక్కులేదని రుజువు చేసుకుంటేనే హక్కు ఇస్తాం, ఆ రుజువును తీసుకుపోయి గోడకు అంటిస్తాం. ఆ తర్వాత ఆమె తలుపు ఎవరు కాస్తారని మా ఫారంలో ఎక్కడా అడగలేదు. నేనూ అడగలేదు.