పద్దెనిమిది పొక్కల జాగ

మా డ్రిల్ టీచర్ పోయారన్న కబురు మొన్న పొద్దున నేను గోల్ఫ్ క్లబ్బులో ఉండగా అందింది. పక్కనున్న సభ్యుడికి చెప్పాను. "అయ్యో, పాపం" అని, "మీ వంతే, కొట్టండి" అన్నాడు. కొట్టాను. నేనెలాంటివాణ్ణో తెలియడానికి మీకు ఆ ఒక్కటీ చాలు.

వరంగల్‌లో మా సర్కారు బడిలో ఆమె ముప్పై ఏళ్లు ఆటలు నేర్పారు. కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని మాతో పాటు కబడ్డీ కూతకు వచ్చేవారు. ఓడి ఏడ్చేవాళ్లతో, "ఏడ్సుడు ఇంటికి పోయినంక. ఇక్కడ ఊపిరి దాసుకో" అనేవారు. తర్వాత బడి మైదానంలో కొత్త గదులు లేచాయి. రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఆడపిల్లలను రోడ్డు పక్కన పరుగెత్తించేవారు. లారీలు వచ్చే వైపు తాను నిలబడేవారు.

నేను కాంట్రాక్టర్ని. ఊరి బయట హైదరాబాద్ రోడ్డులో గోల్ఫ్ క్లబ్బు పెట్టగానే సభ్యుణ్ణయ్యాను. ఆట కోసం కాదు. అక్కడికి పెద్ద అధికారులు వస్తారు. బంతి వెతికే నెపంతో వాళ్ల పక్కన నడవొచ్చు. సభ్యత్వం విలువ అంతే. ఇన్నేళ్లలో అంతకుమించి నాకేమీ కనిపించలేదు.

పదేళ్ల కిందట మహిళా దినోత్సవానికి, సన్మానం చేసి ఫొటో తీయించుకోవడానికి క్లబ్బుకు ఒక ఆడమనిషి కావలసివచ్చింది. నేను టీచర్ పేరు చెప్పాను. శాలువా కప్పి, గౌరవ సభ్యత్వం కార్డు చేతిలో పెట్టారు. ఆమె చూపంతా గడ్డి మీద, అందులో బంతి పడే గుంటల మీద ఉంది.

"ఎంతమంది ఆడుతర్రా ఇందుల?" అని నన్నడిగారు.

"పొద్దున ఇరవై మంది దాకా వస్తరు టీచర్."

"పద్దెనిమిది పొక్కలకు, ఇరవై మందికి గింత జాగనా! ఈ కార్డుంటే నేనెప్పుడన్న రావచ్చా?"

"మీదే అనుకోండ్రి టీచర్."

ఆ మాట ఆమె నమ్మారు. మరుసటి ఆదివారమే రెండు ఆటోల్లో పన్నెండు మంది ఆడపిల్లలను తీసుకొచ్చారు. పరుగెత్తడానికి వాళ్లు చెప్పులు ఆటోలోనే వదిలి దిగారు. గేటు దగ్గర సెక్రటరీ ఆపాడు. కాలర్ చొక్కా, బూట్లు లేనిదే లోపలికి రాకూడదట.

"గడ్డి పాడైతదమ్మా" అన్నాడు, పిల్లల కాళ్ల వైపు చూస్తూ. రోజూ ఇనుప కర్రలతో ఆ గడ్డిని పెళ్లగించేది మేమే.

గేటు పక్క వరండాలో టీ తాగుతున్న నన్ను టీచర్ చూశారు. "ఏంరా, నువ్వు జర చెప్పు."

నా పక్క కుర్చీలో ఒక పెద్ద ఇంజనీరు ఉన్నాడు. నా రోడ్డు పని ఫైలు ఆయన దగ్గరే ఉంది. "రూల్స్ ఉంటయి గద టీచర్" అన్నాను.

ఆమె తిట్టలేదు. కార్డు తెచ్చి నా టీ కప్పు పక్కన పెట్టారు. "నువ్వే ఉంచుకో. నీకైతే పనికొస్తది" అన్నారు. క్లబ్బు గోడ బయట మట్టిదారిలో పిల్లలను పరుగెత్తించారు. ఆ కేకలకు ఏకాగ్రత చెడుతోందని లోపల ఒకాయన విసుక్కున్నాడు. నేను నవ్వాను కూడా. సభ్యత్వం వదులుకోలేదు. రోడ్డు పని నాకే వచ్చింది.

అంత్యక్రియలకు క్లబ్బు పెద్ద పూలదండ పంపింది. రిబ్బన్ మీద క్లబ్బు పేరు బంగారు రంగులో ఉంది, టీచర్ పేరు తప్పుగా ఉంది. వచ్చిన నలుగురు సభ్యులూ ఏసీ కార్లు దిగలేదు.

పాడె ఎత్తే వేళకు, ఆమె దగ్గర పరుగు నేర్చిన నలుగురు ఆడవాళ్లు ముందుకొచ్చారు. ఒకామె కానిస్టేబుల్, ఒకామె డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి.

"ఆడోళ్లు పాడె మోసుడేంది?" అన్నాడో పెద్దమనిషి.

"మా టీచర్‌ను మేమే మోస్తం పెద్దయ్యా, జర జరుగు" అంది కానిస్టేబుల్.

ఆ నలుగురు ఆడవాళ్లూ పాడెను భుజాలకెత్తుకున్నారు. ఇరుకు సందులో వాళ్లు ఒకే అడుగుగా ముందు నడుస్తుంటే, మా క్లబ్బు కార్లు హారన్ కొట్టలేక వెనక పాకుతూ వచ్చాయి. వాళ్లతో నడవబోయిన నాకు మొదటి మలుపుకే ఆయాసం వచ్చింది. వాళ్లు భుజాలు మార్చుకుంటూ, పాడె కుదపకుండా, ఎండలోకి వెళ్లిపోయారు.