కాదన్నవాళ్ల లెక్క

పెదపాడు చుట్టుపక్కల చెరువుల్లో చేపపిల్లలు వదలాలంటే ప్రసాదరావునే పిలుస్తారు. ఇరవయ్యేళ్లుగా ఆయన పని అదే. ఆయన చేత్తో వదిలిన పిల్లల్లో నూటికి తొంభై బతికి పట్టుబడికొస్తాయని రైతుల్లో పేరు. ఆ పేరు వెనక ఒక కిటుకుంది. వ్యానులో వచ్చిన చేపపిల్లల్లో నీరసంగా తేలేవాటిని ముందే ఏరి గట్టుమీద పారేసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెడతాడు. ఇందులో తప్పేముంది, అందరూ చేసేదేగా! అబద్ధమైతే ఆడలేదు కదా!

ఆయన భార్య దీవెన ఏలూరులో ఒక మిషన్ బడిలో లెక్కల టీచరు. షుగరు ముదిరి రెండు కిడ్నీలూ పోయాయి. ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. గుండె కూడా బలహీనపడింది. ప్రసాదరావు కిడ్నీ ఆమెకు సరిపోతుందని పరీక్షల్లో తేలింది. ఇక ఏ ఆసుపత్రిలో చేయించాలన్నదే మిగిలింది. ఆ ఒక్క ప్రశ్నతో మనిషి సగమైపోయాడు. కంచం ముందు కూర్చుంటే అన్నం కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటికి వెళ్లేది కాదు.

విచారిస్తే, బెజవాడలో ఒక ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో నూటికి తొంభై ఎనిమిది మంది ఏడాది దాటి బతికారట. విశాఖలో మరోచోట ఎనభై ఆరే. ఎటు వెళ్లాలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ప్రసాదరావు విశాఖ మాటే ఎత్తనివ్వలేదు. బెజవాడ వాళ్లు పరీక్షల మీద పరీక్షలు చేస్తూ రెండు నెలలు తిప్పారు. ఈలోగా దీవెన కాళ్లు వాచాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి అక్కడి డాక్టరు ఫైలు మూసేసి, "ఈ గుండెతో మేం చెయ్యమండీ" అన్నాడు.

తిరుగు బస్సు హనుమాన్ జంక్షన్ దాటాక ప్రసాదరావు కిటికీలోంచి చెరువుల వైపు చూశాడు. తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టుమీద పారేసిన చేపపిల్లలు ఎగిరెగిరి పడడం కళ్లముందు కదిలింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వాటివైపు తిరిగి చూడలేదని సిగ్గేసింది. దీవెన ఆయన భుజం మీద తల ఆన్చి నిద్రపోతోంది. రెండు నెలలు ఊరికే పోయాయి.

వారం తిరక్కుండా విశాఖ వెళ్లారు. దీవెనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయనొక్కడే డాక్టరు ఉషశ్రీ గదిలోకి వెళ్లాడు. ఈసారి నూటికెంతని అడగలేదు.

"గుండె బాగోలేదని వేరేచోట కాదన్నవాళ్లకి మీరు చేశారాండీ? అలాంటివాళ్లలో ఎంతమంది బతికారండీ?"

ఆవిడ కంప్యూటరులో వెతికింది. "పదకొండు మందికి చేశామండీ. ఏడాది తర్వాత ఎనిమిది మంది ఉన్నారు."

"అసలు చేయించకపోతేనండీ?"

"రెండేళ్లు బతకడం కష్టమండీ."

బయటికి రాగానే, "ఏమన్నారండీ?" అని అడిగింది దీవెన. ఆమె దగ్గర దాచడం ఆయనకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అంటే, ముగ్గురు పోయారన్నమాట" అంది దీవెన.

డాక్టరు ఇచ్చిన ఆపరేషన్ ఒప్పుకోలు కాగితాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. దీవెన వాటిని తీసుకుని ఒళ్లో పెట్టుకుని, పెన్ను ఆయన చేతికిచ్చింది.

"సంతకం పెట్టండి. పన్నెండోదాన్ని నేను."