మోదుగాకులు, మూడు కట్టలు

కొండ ఎక్కేకొద్దీ పైన్ చెట్లు పొట్టిబడతాయని, ఆకు తీరు మారుతుందని తిరుపతిలో మా లెక్చరరు గారు పాఠం చెప్పారు. డెబ్భైల చివరి మాట. మాలో పైన్ చెట్టు మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. “పైన్ లేకపోతే మోదుగ లేదా? హార్సిలీ కొండ మీద మూడు ఎత్తుల్లో ఆకులు కోసి, కొలిచి సోమవారం తీసుకురా. లేదంటే పరీక్షకు రానివ్వను” అని నామీద పడ్డారు. నా ప్రయాణానికి భక్తి కారణం కాదు, సరదా కాదు, ఈ బెదిరింపే.

శనివారం తెల్లవారి ఐదున్నరకు బస్సెక్కితే పీలేరు మీదుగా పదిన్నరకు మదనపల్లె. అక్కడ బస్సు మారి, మొత్తం పదకొండు రూపాయలు వదిలించుకుని కొండమీద దిగేసరికి ఒంటిగంట. మోదుగ చెట్లు ఎక్కడున్నాయని డ్రైవర్ని అడిగాను. “ఆకు కోసం కొండెక్కినోణ్ణి నిన్నే సూసినానప్పా. మీ ఊర్లో మోదుగే లేదా?” అన్నాడు. పైన ఒక కట్ట, నడుమ ఒకటి, అడుగున ఒకటి కోసుకుంటూ నడిచి దిగాను.

కొండ కింద రెడ్డెమ్మవ్వ పూటకూళ్ల ఇల్లు. కట్టలు అరుగుమీద పెట్టి, బావి దగ్గర స్నానం చేసి వచ్చాను. లోపల నలుగురు బండివాళ్లు పచ్చని విస్తళ్లలో రాగిసంకటి తింటున్నారు. అరుగు ఖాళీ.

“అవ్వా, నా ఆకులేవి?”

“కుట్టేసినా గదా నాయనా. ఈడ ఆకు తెచ్చినోళ్లకు కూడు ఊరికే. కూర్చో.”

అవి నా చదువు ఆకులని, ఏది ఏ ఎత్తుదో తెలియకపోతే నా ఏడాది పోతుందని చెబుతూ నిజంగానే ఏడ్చాను. ఆమె ఒక విస్తరి పుల్లలు ఊడదీసి ఆకుల్ని వేళ్లతో తడిమింది.

“దీనికా ఏడిసేది? ఇది పైకొండది. సిన్నగా, దళసరిగా ఉండాది, పుల్లకు లొంగదు. ఇది అడుగుది, సాటంత ఎడల్పు. నడిమిది నడుమనే ఉంటాది.”

బండివాళ్లు తినేదాకా ఆగి, వాళ్ల విస్తళ్లు కూడా కడిగి, మూడు కుప్పలు చేసింది. కానీ ఆకు సైజు చూసి వేరుచేసి, మళ్లీ ఆ సైజే కొలిస్తే అదేం శాస్త్రం? ఆదివారం తిట్టుకుంటూ మళ్లీ కొండెక్కాను. ఈసారి ఎత్తును బట్టి తొడిమలకు ఒకటి, రెండు, మూడు ఇంకు చుక్కలు పెట్టి కోసుకొచ్చి కొలిచాను. అవ్వ కుప్పలకూ నా కట్టలకూ తేడా రాలేదు.

సోమవారం లెక్చరరు గారు నా లెక్కలు చూసి పరీక్షకు సంతకం పెట్టారు. నేను రెండుసార్లు కొండెక్కి తెలుసుకున్నది ఆమె అరుగు దిగకుండానే చెప్పింది. ఆ సంగతి మాత్రం రికార్డులో రాయలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మీరు వెళ్లేటట్లయితే ఒక్క మాట: చదువు కోసం కోసిన ఆకుల్ని తలకింద పెట్టుకుని పడుకోండి. ఆకలిగా ఉంటే అరుగుమీద పెట్టండి.