కుట్టేసిన జేబులు

నూకరాజు ప్యాంట్లకు జేబులుండవు. ఉండవంటే, దర్జీ పెడతాడు, భార్య జోగమ్మ కుట్టేస్తుంది. భిలాయి సెక్టర్ ఆరు మార్కెట్లో దర్జీ కొత్త ఖాకీ ప్యాంటు ఇస్త్రీ చేసి ఇవ్వడం, ఆమె ఆ పూటే నల్లదారంతో రెండు జేబుల మూతులూ బిగించెయ్యడం ముప్ఫై ఏళ్ళుగా జరుగుతున్నదే. ఒకసారి దర్జీ ధైర్యం చేసి, "భాభీ, జేబుల్లేకుండా నేనే కుట్టి ఇచ్చేస్తా కదా" అన్నాడు.

"జేబుల్లేకపోతే అది ప్యాంటేటి? లాగవుతాది" అంది జోగమ్మ.

ఆ కుట్టు వెనక ఒక చెంపదెబ్బ ఉంది.

నూకరాజు దుర్గ్ స్టేషన్లో రైలు దిగినప్పుడు అతని వయసు ఇరవై రెండు. భీమిలి పక్కన సముద్రపుటొడ్డు పల్లె అతనిది. వేట నుంచి వచ్చిన పడవను ఇసుక మీదికి లాగి లాగి పెరిగినవాడు. బరువును కండతో కాదు, అదనుతో కదపాలని ఆ ఒడ్డున పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే భిలాయిలో ఉక్కు కార్ఖానా లేస్తున్న రోజుల్లో ఖలాసీలు కావాలంటే విశాఖ, విజయనగరం వైపు నుంచి గుంపులు గుంపులుగా వచ్చారు. ఖలాసీ అంటే బరువులు మోసేవాడు అనుకుంటే పొరపాటు. క్రేను చెయ్యి చేరని మూలకి ఏనుగంత యంత్రాన్ని తాళ్ళతో, గొలుసులతో, ఇనపరూళ్ళతో, చెక్కదిమ్మలతో బుజ్జగించి నడిపించుకుపోయేవాడు ఖలాసీ. పెద్ద గుళ్ళ శిఖరాలకు రాళ్ళెక్కించినవాళ్ళు వీళ్ళ తాతలే అయ్యుంటారు. శాసనాల్లో రాజు పేరుంటుంది, దానమిచ్చిన రాణి పేరుంటుంది, దీపానికి నెయ్యి కోసం ఎన్ని గొర్రెలిచ్చారో అదీ ఉంటుంది. శిఖరం రాయి గాల్లో ఊగుతున్నప్పుడు "ఆపు" అని చెయ్యెత్తినవాడి పేరు మాత్రం ఉండదు. పోనివ్వండి. మనం జేబుల దగ్గర ఉన్నాం.

చేరిన మొదటి చలికాలం. ఆ చలి సముద్రం పక్కన పెరిగిన వాడికి తెలిసిన చలి కాదు. ఒక పొద్దున నూకరాజు రెండు చేతులూ జేబుల్లో దోపుకుని నిలబడ్డాడు. వెనకనుంచి గ్యాంగు పెద్ద పెంటయ్య సర్దారు వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. "ఖలాసీకి జేబేటిరా? జేబులో సెయ్యున్నోడికి అవసరానికి సెయ్యుండదు!"

ఆ సాయంత్రమే నూకరాజు తన జేబులు తనే కుట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆ పని జోగమ్మకు వచ్చింది. పెంటయ్య తరవాత సర్దారు ఈల నూకరాజు మెళ్ళోకి వచ్చింది, పదకొండుమంది గ్యాంగు అతని కిందికి వచ్చింది. అతను ఎడమ చెయ్యి రెండు వేళ్ళు ఆడిస్తే తాడు రెండంగుళాలు కదిలేది. పదకొండుమందీ అతని వేళ్ళేనన్నారు చూసినవాళ్ళు. నూకరాజుకు ఆ మాట చాలా ఇష్టం.

* * *

అతణ్ణి పాఠాలు చెప్పే మనిషిని చేసింది ఒక ఇనప బీరువా.

భుజంగరావుగారు కార్ఖానా శిక్షణ కేంద్రంలో పెద్ద అధికారి. చిన్న ఆఫీసర్లకు మనుషులతో పని చేయించడం ఎలాగో నేర్పించడం ఆయన ఉద్యోగం. తొంభై ఆరు జనవరిలో ఆయన నెహ్రూ నగర్‌లో కొత్త ఇంట్లో దిగాడు. ఆ ఇంటి మెట్ల మలుపులో బీరువా ఇరుక్కుంది. ఆయన, ఆయన బావమరది, పక్కింటి ఇంజనీరు, ఎదురింటి ప్రొఫెసరు నలుగురూ నాలుగు సిద్ధాంతాలు చెప్పారు. కూలీలిద్దరూ నాలుగు వైపులకీ లాగారు. ఎవరో వెళ్ళి నూకరాజును పిలుచుకొచ్చారు.

నూకరాజు బీరువాను చూడలేదు. ఆ నలుగురినీ చూశాడు. "బాబుగారూ, తవరు నలుగురూ బయటికెల్లి టీ తాగండి."

టీ చల్లారేలోపు బీరువా మేడ మీదుంది. ఒక గోనెసంచీ, ఒక బట్టల సబ్బు ముక్క, అదే ఇద్దరు కూలీలు.

భుజంగరావుగారు ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. బొంబాయి నుంచి వచ్చిన నిపుణుడు మొన్న నాయకత్వ లక్షణాలు పదహారని తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. మధ్యాహ్నం భోజనం తరవాత తొమ్మిదో లక్షణం దగ్గర క్లాసంతా నిద్రపోయింది. ఈ ఖలాసీ ఒక్క వాక్యంలో తేల్చేశాడు. మర్నాడే ఆయన నూకరాజుకు కబురు పంపాడు.

"నేను క్లాసులో ఏటి సెప్తాను బాబుగారూ? నాలుగో తరగతి."

"బీరువాకి చెప్పిందే చెప్పవయ్యా."

క్లాసులో ఇరవైమంది కుర్ర ఆఫీసర్లు టైలు కట్టుకుని కూర్చున్నారు. నూకరాజు ఈల మెళ్ళో వేసుకునే వచ్చాడు.   గది మధ్యనున్న పెద్ద టేకు బల్ల చూపించి, "దీన్ని ఆ గోడకి సేర్చండి బావూ" అన్నాడు.

ఇక చూడాలి. ఆరుగురు పట్టుకున్నారు, పద్నాలుగు మంది ఆజ్ఞాపించారు. "లెఫ్ట్, లెఫ్ట్!" "అరే యార్, పహలే ఉఠావో!" "ముందు ఎత్తండి!" తివాచీ ముడతపడింది, బల్లకాలు అందులో దిగబడింది, నీళ్ళ కూజా ఒకాయన టై మీద బోర్లా పడింది. అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు మనోహర్. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, మరమ్మతుల విభాగంలో అసిస్టెంట్ మేనేజరు. తెలివైనవాడు, తన తెలివి అందరి చేతుల్లోకీ వెంటనే పోసెయ్యాలన్న ఆత్రం ఉన్నవాడు.

"నువ్వు ఈ మూలకి రా బావూ" అన్నాడు నూకరాజు. "రెండు సేతులూ జేబుల్లో ఎట్టు. ఎట్టీసినావా? నోరు తెరు." చిన్న వక్కపలుకు అతని బుగ్గలో పెట్టాడు. "నమలకూడదు, మింగకూడదు. బల్ల గోడకి సేరేదాకా బుగ్గనుండాల."

"చాచా, మరి వాళ్ళకి ఎవరు చెప్తారు?"

"ఏ గోడకెల్లాలో సూపించీసినాను కదా. మరేటి సెప్పాల?"

బల్ల కదలడం మొదలైంది. మనోహర్ జేబుల్లో చేతులు సంచిలో వేసిన ఎలకల్లా కొట్టుకున్నాయి. బల్ల ఒకసారి వంకరపోయింది. ఎవరూ చెప్పకపోయినా పట్టుకున్నవాళ్ళే ఆగారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తివాచీ చుట్టేశారు, సరిచేసుకున్నారు. గోడకి చేర్చి, చేర్చినందుకు తమకు తామే చప్పట్లు కొట్టుకున్నారు.

వెనక వరసలో ఒకడు అడిగాడు: "తప్పు చేస్తున్నారని కళ్ళ ముందు తెలుస్తుంటే కూడా ఊరుకోవాలా?"

"సెయ్యో కాలో పోద్దనుకుంతే అరువు, ఎల్లి అడ్డం పడు. బల్ల వంకరెడతాదనుకుంతే ఊరుకో. ఆలే సరిసేసుకుంతారు. ఆలకీ కళ్ళున్నాయి."

ఆ వేసవికల్లా నూకరాజు పేరు 'జేబ్‌వాలే చాచా', అంటే జేబుల బాబాయి, అయింది. నెలకు రెండు క్లాసులు. కార్ఖానాలో కుర్ర ఆఫీసర్లు ఒక బుగ్గ ఉబ్బించుకుని, చేతులు జేబుల్లో దోపుకుని తిరుగుతుంటే, పంటినొప్పి ఏదో ఊళ్ళో పాకిందనుకున్నారు కొందరు. అందరికంటే ఎక్కువ మారింది మనోహర్. తన కింది ఫోర్‌మన్‌కి అతను పొద్దున్నే ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా పది నిమిషాలైనా నిలబడుతున్నాడని ఊరంతా చెప్పుకుంది. ఆ ఫోర్‌మన్‌కు మాటలొచ్చని పక్కవాళ్ళకు అప్పుడే తెలిసిందట.

* * *

ఆగస్టులో మనోహర్ నూకరాజును తన గదికి పిలిచి టీ తెప్పించాడు. టీలో చక్కెర కలుపుతూ కలుపుతూ ఉండిపోయాడు.

"ఏటి బావూ, సెప్పు. చెంచా అరిగిపోతాది."

"చాచా, సెప్టెంబర్లో మీ రిటైర్‌మెంట్. మీ గ్యాంగ్ గురించి ఫైల్ నడుస్తోంది. సర్దారు లేడు కాబట్టి పదకొండుమందినీ తలో విభాగానికీ పంచేద్దామంటున్నారు."

"సర్దారు లేకపోవడవేటి? సినబాబు ఉన్నాడు."

"చినబాబు ఇరవై ఏళ్ళలో ఒక్క బరువైనా సొంతంగా ఎత్తించాడా?"

 చినబాబుకు నలభై ఆరేళ్ళు. మీసం నెరిసింది. ఇరవై ఏళ్ళుగా అతని పని, నూకరాజు అన్నమాట ఇంకాస్త గట్టిగా అనడం.

"వచ్చే బుధవారం గేర్‌పెట్టె మార్చాలి. నలభై టన్నులు. చినబాబు చేస్తే గ్యాంగ్ ఉంటుంది, నేను రాసిస్తాను. కానీ మీరు..." మనోహర్ తన జేబుల్లో చేతులు పెట్టుకుని చూపించాడు.

"ఇదేటి, నీ టేకుబల్లనుకున్నావా!" నూకరాజు లేచిపోయాడు. టీ అలాగే ఉంది.

ఇంటికి వచ్చేసరికి జోగమ్మ చేపల పులుసు పెడుతోంది. మరోదా చెరువు చేప. ముప్ఫై ఆరేళ్ళుగా నూకరాజు ఆ చేపను క్షమించలేదు. ఉప్పు తెలియని నీళ్ళలో పుట్టింది చేపేమిటని అతని వాదన. పొయ్యి పక్కన నిలబడి, "సింతపండు ఇప్పుడేసీయకే. మంట తగ్గించు. అలగ కలిపితే ముక్క ఇరిగిపోద్ది" అంటూ ఫైలు సంగతి, మనోహర్ సంగతి చెప్పాడు. జోగమ్మ గరిటె పక్కన పెట్టింది.

"మావా, నా పెళ్ళికాడ్నించీ పులుసు నానే ఎడతన్నాను. ఒక్కనాడైనా నన్నెట్టనిచ్చినావేటి?"

"నేనేటి సేసినాను? సెప్తన్నాను, అంతే."

"ఇరవైమంది ఆపీసర్ల బుగ్గల్లో వక్కలెట్టినావు. నీ బుగ్గలో ఎవులెడతారు?"

 అతను దండెం మీది ఖాకీ ప్యాంటు చూస్తూ అన్నాడు: "నాకు బయ్యంగుందే, జోగీ. నేనూరుకుంతే ఆడు సెయ్యలేడని కాదు. సేసీసినాడనుకో. మరింతకాలం నేనెందుకున్నట్టు?"

జోగమ్మ బ్లేడు తెచ్చి, గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, ప్యాంటు ఒళ్ళో వేసుకుని, నల్లదారం ఒక్కో కుట్టూ తెంపింది. ముప్ఫై ఏళ్ళుగా వేసిన చెయ్యి కదా, తియ్యడానికి బాగా సేపు పట్టింది.

* * *

బుధవారం ఉదయం నూకరాజు ఈల తీసి చినబాబు మెళ్ళో వేశాడు. వక్కపలుకు తన బుగ్గలో వేసుకున్నాడు. వెళ్ళి గోడవార, మనోహర్ పక్కన, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. గ్యాంగులో ఎవరూ నవ్వలేదు. సర్దారు చేతులు కనబడకపోవడం వాళ్ళకి సూర్యుడు పడమట లేచినట్టుంది.

గేర్‌పెట్టె రెండు స్తంభాల మధ్య సందులోంచి పోవాలి. కింద చెక్కపలకలు, పలకల మీద ఇనపరూళ్ళు, రూళ్ళ మీద నలభై టన్నులు. చినబాబు మొదటి ఈల గాలి తప్ప చప్పుడు లేకుండా వచ్చింది. రెండోది పలికింది. తాడు బిగిసింది. పెట్టె కదిలింది.

చినబాబు ఎడమ స్తంభం పక్కన నిలబడ్డాడు. తప్పు, అనుకున్నాడు నూకరాజు. తను ఎప్పుడూ కుడివైపు అరుగు మీదే నిలబడేవాడు. పెట్టె సగం సందు దాటింది. ఉన్నట్టుండి చినబాబు ఈల వేసి ఆపేశాడు. ఇక్కడ ఆపుతాడా ఎవడైనా! నూకరాజు దవడ బిగిసింది. జేబుల్లో వేళ్ళు మెలితిరిగాయి.

"ఏట్రా దుకాలూ, అలగ సూత్తన్నావు?" అంటున్నాడు చినబాబు.

దుకాలూ ఈ ఊరివాడే, ఛత్తీస్‌గఢీ మనిషి. పదిహేనేళ్ళుగా గ్యాంగులో వెనక రూళ్ళు అందిస్తాడు. అతని గొంతు ఎలా ఉంటుందో నూకరాజుకు సరిగా తెలియదు. దుకాలూ వంగి వేలితో చూపించాడు. "లకడీ ధసత్ హే, భయ్యా."

చెక్క కుంగుతోంది. వెనక ఎడమ మూల పలక రెండు వేళ్ళ మందం దిగబడింది. కుడి అరుగు మీద నుంచి చూస్తే ఆ మూల కనబడదు. ఎవరి కంటికైనా సరే కనబడదు.

"ఏటంతారు, మరి?" అని చినబాబు అందర్నీ అడిగాడు. అడగడం! నూకరాజు గోడకి వీపు ఆనించాడు. ఒకడు జాకీ అన్నాడు, ఒకడు రెండో పలక అన్నాడు, దుకాలూ దిమ్మ అడ్డం పెట్టాలన్నాడు. నలభై నిమిషాలు పట్టింది. తరవాత పెట్టె పెళ్ళికూతురు పీటల మీదికి వచ్చినట్టు మెల్లగా వచ్చి, బోల్టుల మీద కూర్చుంది. ఒక్క బోల్టు కూడా సుత్తి అడగలేదు.

పదకొండుమందీ పెట్టిన కేకకు పైకప్పు మీది పావురాలన్నీ లేచాయి. చినబాబు చెమటతో వచ్చి ఈల తీసి చాచాడు. "అన్నా, తప్పేటైనా సేసినానా?"

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. ఈల తీసుకోవడానికి జేబులోంచి చెయ్యి లాగాడు; రాలేదు. మళ్ళీ లాగాడు. జేబు అడుగు చిరిగి, వేళ్ళు అందులోంచి తొడ మీదికి దిగి, దారాల్లో చిక్కుకుపోయాయి. ముందు దుకాలూ నవ్వాడు. తరవాత మనోహర్. తరవాత ఎవరూ ఆగలేదు.

"ఈల నీ మెళ్ళోనే ఉండనీరా" అన్నాడు నూకరాజు, నవ్వుతో కళ్ళు నీళ్ళవుతుంటే. "నా సెయ్యి కాళీ లేదు." అని దుకాలూ వైపు తిరిగాడు. "పదిహేనేళ్ళనించి ఏల సెప్పలేదురా నువ్వు, ఇలాటియి?"

"ఆప్‌నే పూఛా నహీ, సర్దార్."

అడగలేదు. అవును, అడగలేదు. నూకరాజు ఆ చిక్కిన చేత్తోనే కుంటుకుంటూ వెళ్ళి దుకాలూ భుజానికి తన భుజం తగిలించాడు. గ్యాంగును విడదీయక్కర్లేదని మనోహర్ ఆ సాయంత్రమే రాసి పంపాడు. తరవాతి క్లాసులో నూకరాజు టేకుబల్ల జోలికి పోలేదు. దుకాలూను వెంటబెట్టుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టి, చెక్క కుంగిన కథ అతని చేతే చెప్పించాడట.

ఇంటికి వచ్చి ప్యాంటు చూపిస్తే జోగమ్మ చేత్తో జేబంతా తడిమింది. అటునుంచి అయిదు వేళ్ళూ బయటికొచ్చాయి.

"తెరిసిస్తే సింపుకొచ్చినావేటి! వక్క ఉంచినావా?"

"మింగీసినాను."

"ఎప్పుడు?"

"ఆడు ఈలేసి ఆపినప్పుడు."

ఆమె నవ్వి నవ్వి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. అతనే ఎక్కించి ఇచ్చాడు. ఈసారి ఆమె జేబు అడుగు మాత్రమే కుట్టింది. అతను పక్కన కూర్చుని చూశాడు. కుట్టు కాస్త వంకరగా పోతోందని తెలుస్తూనే ఉంది. ఏమీ అనలేదు.