నూనె బండిని చెడగొట్టింది నేను

మొన్న గిద్దలూరు స్టేషనులో డ్యూటీ దిగి టీ తాగుతున్నాను. పక్క బెంచీ మీద ఇద్దరు కుర్ర ఉద్యోగులు, యార్డులోకి కొత్తగా వచ్చిన చిన్న డీజిల్ ఇంజనును చూస్తూ మాట్లాడుకుంటున్నారు. "ఇదేం మొదటిది కాదప్పా. తెల్లోళ్ళ కాలంలోనే అడివి కింద కట్టెల డిపోలో ఒకటుండెనంట. దాని డ్రైవరు ఆదివారం ప్రార్థనకు పోయి, బండిని ఎవనికో వదిలేసి నాశనం చేసినాడంట" అన్నాడొకడు. "వాళ్ళ చేతికి బండి ఇస్తే అంతేలే" అన్నాడు రెండోవాడు. ఇద్దరూ నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి, "చెడగొట్టింది ఆయన కాదు, నేను" అన్నాను. "ఏంది చిన్నాయనా?" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ నవ్వారు, ఈసారి నా హాస్యానికి. ఇరవై ఏళ్ళు దాటిన అబద్ధం ఎంత గట్టిపడుతుందో నాకు ఆ బెంచీ దగ్గర తెలిసింది. నోటితో చెబితే నమ్మడం లేదు కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు మేము మద్రాసు రాజధాని వాళ్ళం, మా జిల్లా కర్నూలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా కట్టెల డిపోకు ఆ ఇంజను వచ్చింది. సైన్యం కోసమని ఓడల మీద తెప్పించిన, యార్డులో వాగన్లను అటూ ఇటూ తోసే షంటింగు ఇంజన్లవి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవట. యుద్ధం అయిపోయాక తలా ఒక దిక్కుకూ పోతే, ఒకటి నల్లమల కిందికి వచ్చి పడింది. నాలుగు చక్రాలు, ముందు పొడుగాటి మూతి, వెనక ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేని గది, ఒంటినిండా మురికి ఆకుపచ్చ రంగు. బొగ్గు లేదు, నీళ్ళ తొట్టి లేదు, పొగగొట్టం జానెడు. దుంగలు మోసే కూలీలు మొదటి రోజు దాని చుట్టూ తిరిగి "దీనికి పొయ్యి ఏడుందబ్బా?" అని వెతికారు. చలికాలం పొద్దున ఇద్దరం కలిసి హ్యాండిల్ తిప్పితే, నాలుగుసార్లు దగ్గి, ఐదోసారి ముసలి ఎనుబోతులాగా రంకె వేసి లేచేది. మేమంతా నూనె బండి అనేవాళ్ళం. దాని వాసన చొక్కాకు పడితే మూడు ఉతుకులకు గాని పోయేది కాదు. మా అమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టి చొక్కా విప్పించేది.

దాన్ని నడపడానికి డిపోలో ఎవరూ ముందుకు రాలేదు. వచ్చింది మామ ఒక్కడే. నాకు చుట్టం కాదు. ఆయనది పెద్దారవీడు వైపు క్రైస్తవ పల్లె, మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. పాత ఆవిరి బండి మీద ఆయన డ్రైవరు, నేను ఫైర్‌మన్. అక్కడే ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. మిషను బడిలో చదువుకున్నవాడు కాబట్టి బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నెలరోజులు ముందేసుకుని కూర్చుని, అర్థమైనదంతా మార్కాపురం పలక ఒకదాని మీద బలపంతో తెలుగులో రాసి, గదిలో నా కళ్ళెదురుగా వేలాడదీశాడు. అందులో మొదటి రెండు మాటలు నాకు ఇప్పటికీ కంఠస్థం. బండి పూర్తిగా నిలిచేదాకా వెనక్కి వేసే మీట ముట్టరాదు. నేను లేనప్పుడు బండి కదపరాదు.

మొదటి మాట ఎందుకు రాశాడో చెప్పాలి. ఆవిరి బండి మీద పనిచేసిన మాకందరికీ ఒక అలవాటుండేది. వాగన్లను తోస్తూ చివరికొచ్చేటప్పుడు బ్రేకుతో పని లేకుండా, బండి ఇంకా దొర్లుతుండగానే మీటను వెనక్కి లాగేవాళ్ళం. ఆవిరి ఎదురు తన్ని బండి ముద్దుగా ఆగేది. అట్లా ఆపగలిగినవాడే పనివాడు, బ్రేకు పట్టుకునేవాడు పసివాడు. నూనె బండిలో ఆవిరి లేదు, పళ్ళచక్రాలున్నాయి. దొర్లే బండిలో మీట మారిస్తే పళ్ళు రాలతాయి. ఇది మామ నాకు కనీసం యాభై సార్లు చెప్పాడు. "చెయ్యి దురద పెడితే గోడకు రుద్దుకో అల్లుడా, మీట జోలికి మాత్రం పోవాకు" అనేవాడు.

ఆదివారం పొద్దున ఆయన రెండు గంటలు ప్రార్థనకు పోయేవాడు. పై అధికారి ఒప్పుకున్న ఏర్పాటే అది. అట్లాంటి ఒక ఆదివారం, సాయంత్రం వచ్చే గూడ్సు రైలుకు అందాల్సిన దుంగల వాగన్లు రెండు, ఉండాల్సిన చోట లేవు. కూలీల మేస్త్రి ఊరుకోలేకపోయాడు. "ఏమబ్బీ, మీ మామ ఆమెన్ అంటే గాని నీ బండి కదలదా?" అన్నాడు. కూలీలు నవ్వారు. "అల్లునికి హ్యాండిల్ తిప్పేదే వచ్చు, తోలేది రాదులే" అని ఇంకొకడు అందుకున్నాడు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో నవ్వు కంటే పెద్ద శిక్ష లేదు. హ్యాండిల్ తిప్పాను. వాగన్లను చక్కగా తోసుకుంటూ పోయాను. చివరికొచ్చాక అందరూ చూస్తున్నారు గదా అని, పనివాడిలాగా, దొర్లే బండిలో మీట వెనక్కి లాగాను.

పాదాల కింద గేరు పెట్టెలో రాళ్ళు నలిగినట్టయింది. బ్రేకు అనేదొకటి ఉందని నాకు గుర్తొచ్చేలోపు, బండికి కొక్కెం తగిలించని వాగన్లు రెండూ నన్ను వదిలేసి ముందుకు పోయి, పట్టాల చివరి దిమ్మెను దాటి, మేస్త్రి వంటపాకలో దూరి, పొయ్యి మీది సంగటి కుండ పక్కన ఆగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంతవరకూ ఇది నవ్వుకోదగ్గ కథే. నేను అంతటితో ఆగి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే పని ఉండేది కాదు.

నేను గదిలోకి తిరిగి పోయి, తలగుడ్డ తడిపి, పలక తుడిచేశాను.

మరుసటి రోజు విచారణకు దొర వచ్చాడు. "పలక మీద రాసిపెట్టినా సార్, చూడండి" అన్నాడు మామ. తెచ్చి చూస్తే నున్నగా నల్లగా ఉంది. మామ పలకను చూశాడు, నా వైపు చూశాడు. "ఇతనికి చదువొచ్చు. ఏం రాసినానో ఇతన్నే అడగండి" అన్నాడు. నేను, "ఏమీ రాయలేదు దొరా. పోతా పోతా మామే బండి తోలమన్నాడు" అన్నాను. నన్ను రెచ్చగొట్టి తోలించిన మేస్త్రి నేల చూస్తూ నిలబడ్డాడు. గుమాస్తా తప్పు ఒప్పుకున్నట్టు కాగితం రాసి మామ ముందు పెట్టాడు. "సంతకం చెయ్యబ్బీ, ఇంకేదైనా పని ఇస్తారు. మొండికెయ్యొద్దు" అని మేస్త్రి బతిమాలాడు. "మొండోణ్ణే. నేను చెయ్యని తప్పు కింద నా చెయ్యి పడదు. పని తీసేస్తారా, తీసేయండి" అని కాగితం వెనక్కి నెట్టాడు మామ. తీసేశారు. మామ తలెత్తుకునే డిపో దాటాడు. నేను తలెత్తుకోలేక దుంగల వెనక నిలబడ్డాను. ఆ తర్వాత నూనె బండి మీద పనిచేసిన అనుభవముందని డిపోవాళ్ళు నాకు ఇచ్చిన కాగితంతోనే నేను రైల్వేలో చేరి డ్రైవరునయ్యాను. ఇది ఇంతవరకూ నా భార్యకు కూడా తెలియదు.

టీ బెంచీ దగ్గర నవ్వు విన్న మూడోనాడు పెద్దారవీడు వైపు బస్సెక్కాను. మామకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. బావుల దగ్గరి ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. రైతులు ఆయన కోసం బండి కట్టుకుని వస్తారు. విప్పదీసిన ఇంజను ముందు కూర్చుని ఉన్నాడు.

"మామా, ఆ పలక తుడిచింది నేనే" అన్నాను.

"నీ తలగుడ్డకు బలపం తెల్లగా అంటుకొని ఉండె. నాకు ఆ పొద్దే తెలుసు."

"మరి దొరకు చెప్పలేదేంది?"

"రాసినానని చెప్పినా గదరా. నా మాట కన్నా నీ మాట ఇంపుగా ఉండె ఆయనకు. ఆ స్పానరు ఇట్ల అందుకో."

అందించాను. "తప్పయింది మామా" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? నాకు తెలియంది ఏముంది? నా మనవడు రైల్వే పనికి అర్జీ పట్టుకోని పోతే, బండి చెడగొట్టినాయన మనవడివా అని నవ్వినారంట. పో, వాళ్ళకు చెప్పు. నా కాడ కూర్చోని ఏడ్చి పోతే నీ కడుపు చల్లబడతది, వానికేం వస్తది?"

ఆయన పేరు ఇందులో రాస్తానంటే వద్దన్నాడు. "నా పేరు ఇన్నాళ్ళూ నలిగింది చాలు, నీది రాసుకో" అన్నాడు. రాశాను. జరిగినదంతా, నన్ను రైల్వేలో చేర్చిన ఆ కాగితం ఎట్లా వచ్చిందో సహా, మా ఆఫీసుకు రాసి కింద సంతకం పెట్టాను. మా బావమరిది విని, "మతి పోయిందా బావా? అయిపోయిందాన్ని తవ్వుకుంటారా? ఉద్యోగం పోతే?" అన్నాడు. పోనీ. ఆ మనవడు మళ్ళీ అర్జీ పట్టుకుని పోయేనాటికి అక్కడ నవ్వేవాడు ఉండకూడదు, ఉంటే నన్ను చూసి నవ్వాలి. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నేను చూసినంతవరకు అది మాన్పింది ఏమీ లేదు. ఇన్నేళ్ళూ నా తరఫున నోరు మూసుకుని కూర్చుంది, అంతే. ఇక దానికి ఆ పని చెప్పను.